ఇత్తడి పెన్సిలు... ఇల్లాలి లెక్క

పెన్సిలు గురించి ఆడవాళ్ళకి చెప్పేదేముంటుందీ అనుకుంటున్నారా? ఒక్కసారి ఇల్లంతా కలియజూడండి. పాలవాడు నాగా పెట్టిన రోజున క్యాలెండరులో సున్నా చుట్టేది పెన్సిలుతోనే. జాకెట్టు లైనింగు మీద కొలతలు గీసేది పెన్సిలుతోనే. సరుకుల చీటీ, చాకలి పద్దు, చీటీపాట లెక్క... అన్నిటికీ అదే. అయినా మన చేతికి ఎప్పుడూ మంచి పెన్సిలు దొరకదు. పిల్లలు వాడి పారేసిన బెత్తెడు ముక్కో, నొక్కితే లెడ్డు లోపలికి పారిపోయే ప్లాస్టిక్ క్లిక్ పెన్సిలో మన వాటాకొస్తుంది. అవునా, కాదా?

మా ఇంట్లో ఇత్తడి పెన్సిళ్ళు తయారవుతాయి. చెక్కనక్కర్లేదు, విరగవు. మీట నొక్కితే లెడ్డు బయటికొస్తుంది, వదిలితే బిగుసుకుంటుంది. వీటిని చేసేది మా వారు. మెరుగుపెట్టేది నేను. ఈ పెన్సిలు ఎలా చేస్తారో చెబుతాను గానీ, అంతకన్నా ముఖ్యంగా దానికి మేం ధర ఎలా కట్టామో చెప్పాలని ఉంది. ఎందుకంటే పెన్సిలు చెయ్యడం కన్నా ధర కట్టడమే మా ఇంట్లో పెద్ద గొడవైంది!

నా పుట్టిల్లు వికారాబాద్, అత్తిల్లు తాండూరు. రైలెక్కితే గంటలోపు ప్రయాణం. తాండూరు అనగానే మీలో చాలామందికి కందిపప్పు గుర్తొస్తుంది. మా కందులకి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. రెండోది బండలు. మీ ఇంట్లో నీలంగానో, పసుపుగానో నాపరాళ్ళు పరిచి ఉంటే అవి మా ఊరినుంచి వచ్చినవే కావచ్చు. బండల్ని కోసే మిషన్లు, నునుపు చేసే మిషన్లు ఊరంతా ఉన్నాయి. ఆ మిషన్లకి ఇరుసులు, బుష్షులు అరిగిపోతుంటాయి. అవి చేసిపెట్టేది లేత్ మిషను దుకాణాలవాళ్ళు. మా వారిది అలాంటి చిన్న దుకాణం. ఒక పాత లేత్ మిషను, ఒక డ్రిల్లింగ్ మిషను, ఒక పనిపిల్లాడు. అంతే!

బండల ఫ్యాక్టరీలో పొద్దస్తమానం నీళ్ళు కారుతూనే ఉంటాయి. కోత బ్లేడు వేడెక్కకుండా నీళ్ళు పోస్తారు. ఆ నీళ్ళలో రాతిపొడి కలిసి బురదవుతుంది. బండ మీద కొలత గీసే మేస్త్రీ జేబులో కొయ్య పెన్సిలు నానిపోతుంది, చీలిపోతుంది, నడుం వంచితే విరుగుతుంది. అలా విసిగిపోయిన ఒక ముసలి మేస్త్రీ మా దుకాణానికొచ్చి, "బేటా, నాకొక ఇనుప పెన్సిల్ జేసియ్యరాదూ, సచ్చేదాక ఉండాలె" అన్నాడట. నవ్వులాటకే అన్నాడు. మా వారు మాత్రం నవ్వి ఊరుకోలేదు. ఇనుమైతే ఆ తడికి తుప్పు పడుతుంది, ఇత్తడైతే పట్టదు. మూలన పడున్న ఇత్తడి రాడ్డు తీసి మొదలుపెట్టారు.

ఇంతకీ ఈ పెన్సిలు లోపల ఏముంటుందంటారా? ఏమీ లేదండీ, మన చేతి చిటికే! కూరలో ఉప్పు వేసేటప్పుడు బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు కలిపి చిటికెడు పట్టుకుంటాం కదా. పెన్సిలు ముక్కు లోపల కూడా అలాంటి మూడు వేళ్ళుంటాయి. చిన్న ఇత్తడి ముక్కకి నడిమధ్యన 2 మిల్లీమీటర్ల చిల్లు వేసి, దాని కొసని సన్నని రంపంతో మూడుగా చీలుస్తారు. అవే ఆ వేళ్ళు. వాటి వెనక ఒక సన్నని గొట్టం, గొట్టం చివర మీట, మీట కింద స్ప్రింగు. స్ప్రింగు ఎప్పుడూ మీటని వెనక్కి తోస్తూ ఉంటుంది. దాంతో మూడు వేళ్ళూ గరాటులాంటి ముక్కులోకి లాగబడి, దగ్గరకి ముడుచుకుని లెడ్డుని గట్టిగా పట్టుకుంటాయి. మీట నొక్కామంటే వేళ్ళు ముందుకొచ్చి విచ్చుకుంటాయి. లెడ్డు తన బరువుకి తానే జారుతుంది. అందుకే నొక్కేటప్పుడు ముక్కు కింద వేలు అడ్డం పెట్టుకోవాలి, లేకపోతే లెడ్డు నేలపాలే!

పిల్లలు వాడే 0.5 మిల్లీమీటర్ల సన్నలెడ్డు పెన్సిలులోనూ ఇవే మూడు వేళ్ళు. కాకపోతే వాటికి ఒక చిన్న ఉంగరం తొడిగి ఉంటుంది. నొక్కినప్పుడు కొంతదూరం వెళ్ళాక ఆ ఉంగరం ఆగిపోతుంది, వేళ్ళు విచ్చుకుంటాయి. ముక్కు కొసన ఉన్న రబ్బరు చుట్టు లెడ్డుని వెనక్కి పోనీకుండా ఆపుతుంది. అందుకే ఒక్కో నొక్కుకి కొంచెం కొంచెంగా బయటికొస్తుంది. అంత సన్నపని మా పాత మిషను మీద కుదరదు. 2 మిల్లీమీటర్లదే మాకు చేతనైన పని, మేస్త్రీలకి కావలసిందీ అదే.

వినడానికి తేలికగా ఉంది గానీ, ఆ చిల్లు వెంట్రుకవాసి పెద్దదైనా లెడ్డు జారిపోతుంది, చిన్నదైతే అసలు దూరదు. మూడు చీలికలూ సమానంగా రాకపోతే లెడ్డు ఒక పక్కకి వాలుతుంది. చీల్చేటప్పుడు ఒక వేలు విరిగిందా, మళ్ళీ మొదటికే! మొదటి నెలలో మా వారు ఒక డబ్బా నిండా విరిగిన వేళ్ళు పోగేశారు. దుకాణం మూసే వేళకి బల్బు వేసుకుని కూర్చునేవారు. రాత్రి పదింటికి ఆయన చొక్కా జేబులోంచి ఇత్తడి రజను రాలేది. చపాతీ పిండిలో పడుతుందని నేను సణిగేదాన్ని.

తరవాత పైగొట్టం. 10 మిల్లీమీటర్ల లావు, జానెడుకి తక్కువ పొడవు ఉన్న ఇత్తడి ముక్క సుమారు 80 గ్రాములు తూగుతుంది. దాని లోపల చిల్లు వేసి, పైన చిత్రిక పట్టి, చివరికి 30 గ్రాములకి తేవాలి. అంటే 50 గ్రాములు రజనుగా రాలిపోవాల్సిందే. చిల్లు ఒక్క ఊపున వెయ్యకూడదట. కొంచెం వేసి డ్రిల్లు బయటికి లాగి, రజను దులిపి, మళ్ళీ వెయ్యాలి. లేకపోతే లోపలే ఇరుక్కుని డ్రిల్లు విరుగుతుంది. ఆ తరవాత వేళ్ళు జారకుండా పట్టుకునేచోట గళ్ళు గళ్ళుగా గరుకు పెడతారు. దాన్ని నర్లింగ్ అంటారు. ప్రెషర్ కుక్కరు వెయిటు మీదో, టార్చిలైటు మూత మీదో మీరు చూసే ఉంటారు.

మొదటి పెన్సిలు మేస్త్రీకి ఇచ్చారు. రెండోది మా అమ్మాయి కొట్టేసింది! తను అప్పుడే పాలిటెక్నిక్‌లో చేరింది. ఇంజనీరింగ్ డ్రాయింగు బొమ్మలు వేస్తుంది. వారం వాడి తెచ్చి నాన్న ముందు పెట్టింది. "నాన్నా, గంట సేపు గీస్తే వేళ్ళు గుంజుతున్నయి. వెనక బరువు ఎక్కువుంది. బల్ల మీద పెడితే దొర్లి కింద పడుతుంది" అంది. మొత్తం మూడు వంకలు. మా వారికి కోపం రాలేదు సరికదా, నోటుపుస్తకం తీసి బొమ్మ గియ్యమన్నారు.

తండ్రీ కూతుళ్ళు నెల్లాళ్ళు కూర్చుని దాని రూపం మార్చారు. వెనకవైపు గొట్టాన్ని పలచన చేసి, ముందువైపు కొంచెం మందంగా ఉంచారు. బరువు వేళ్ళ దగ్గరుంటే చెయ్యి అలవదట. గుండ్రటి ఒంటికి ఆరు పలకలు వచ్చేలా ఆకురాయి పెట్టారు, ఇక దొర్లదు. గరుకు మరీ పదునుగా ఉంటే చర్మం గీసుకుపోతుంది కాబట్టి దాని మొన మీద ఎమరీ కాగితంతో ఒక్కసారి రుద్దారు. చూశారా, ఒక వస్తువు బాగుండాలంటే చేసేవాడొక్కడే చాలడు, వాడేవాళ్ళు నోరు విప్పి చెప్పాలి. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పేవాళ్ళు ఇంట్లో ఒకరుండాలన్నట్టు!

ఇది మేమేదో కొత్తగా కనిపెట్టిన వస్తువు కాదు. 1822లో లండన్‌లో శాంప్సన్ మోర్డాన్, జాన్ ఐజాక్ హాకిన్స్ అనే ఇద్దరు లెడ్డు ముందుకు జరిగే పెన్సిలుకి పేటెంటు తీసుకున్నారు. మోర్డాన్ కంపెనీ వెండితో చేసిన పెన్సిళ్ళు దొరలూ దొరసానులూ మోజుపడి కొనేవారు. జపాన్‌లో తొకుజి హయకవా అనే ఆయన చిన్నప్పుడే లోహపు పని నేర్చుకోవడానికి ఒక దుకాణంలో కుదిరాడు. 1915లో లోహపు పెన్సిలు చేసి పేరు తెచ్చుకున్నాడు. 1923లో టోక్యో భూకంపంలో భార్యనీ, ఇద్దరు పిల్లల్నీ, కార్ఖానానీ పోగొట్టుకున్నాడు. అప్పుల కింద పెన్సిలు హక్కులు కూడా వదులుకోవాల్సొచ్చింది. ఆ మనిషి ఒసాకా వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టి రేడియోలు చేశాడు. టీవీల మీద షార్ప్ అన్న పేరు చూసే ఉంటారుగా? అది ఆయన కంపెనీయే. ఆ పేరు ఆయన పెన్సిలుది!

మన తెలుగునేల మీదా అలాంటివాళ్ళున్నారు. రాజమండ్రి రత్నం పెన్నులు ఎవరికి తెలియవు? నగల పని తెలిసిన కె.వి. రత్నంగారు 1921లో గాంధీగారిని కలిస్తే, దేశంలో అందరికీ పనికొచ్చే వస్తువేదైనా చెయ్యమని ఆయన సలహా ఇచ్చారట. 1932లో రత్నం పెన్నులు మొదలయ్యాయి. 1935లో తన చేతికందిన పెన్ను బాగుందని గాంధీగారే ఉత్తరం రాశారు. పెద్ద ఫ్యాక్టరీ కాదు, లేత్ మిషను మీద ఒక్కొక్కటీ చేత్తో చేసిన పెన్నులే. ఈ కథ మా వారికి కంఠతా వచ్చు. మిషను మీద విసుగొచ్చినప్పుడల్లా చెబుతుంటారు.

ఇక నా పని. మిషను దిగిన పెన్సిలు మీద సన్నని గీతలుంటాయి. 400 నంబరు నీళ్ళ ఎమరీ కాగితం, తరవాత 800, తరవాత 1200... ఒక్కోదానితో తడిపి తడిపి రుద్దాలి. ముందు అడ్డంగా రుద్దితే, తరవాతి కాగితంతో నిలువుగా. అప్పుడే పాత గీత పోయిందో లేదో తెలుస్తుంది. చివరికి పాలిష్ పెట్టి మెత్తటి నూలుగుడ్డతో తుడవాలి. ఒక్కో పెన్సిలుకి గంటపైనే. ఆ తరవాత లోపల రజను లేకుండా దులిపి, స్ప్రింగు బిగించి, లెడ్డు వేసి, పది గీతలు గీసి చూసి, గుడ్డసంచిలో పెట్టి కట్టడం. మొత్తం గంటన్నర.

ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి. లెడ్డు అని పేరే గానీ పెన్సిలు లెడ్డులో సీసం ఉండదు. గ్రాఫైటు పొడి, బంకమట్టి కలిపి కాలుస్తారు. 1795లో కాంటే అనే ఫ్రెంచి ఆయన కనిపెట్టిన పద్ధతి అది. అసలు సీసం ఉండేది ఇత్తడిలో! లేత్ మీద తేలికగా తెగడానికి ఇత్తడి రాడ్డులో రాగి, జింకుతోపాటు కొంచెం సీసం కలుపుతారు. అందుకని మెరుగు పెట్టాక చేతులు సబ్బుతో కడుక్కోందే నేను వంటింట్లో అడుగుపెట్టను. చిన్నపిల్లలు ఇలాంటి పెన్సిలు నోట్లో పెట్టుకోకుండా చూసుకోవాలి.

మొదట్లో మా వారు వీటిని 300 రూపాయలకి అమ్మేవారు. ఆ ధర ఎలా వచ్చిందంటే ఎవరూ చెప్పలేరు. మేస్త్రీ జేబులో ఉన్న మూడు నోట్లు తీసిచ్చాడు, అదే ధర అయిపోయింది! ఇరుగుపొరుగు దానికే బుగ్గలు నొక్కుకున్నారు. "ఐదు రూపాయలకొస్తది పెన్సిలు, గిదేంది వదినా, మూడొందలా?" అని.

ఇలా ఉండగా హైదరాబాద్ నుంచి బండలు చూసుకోవడానికి వచ్చిన ఒక ఇళ్ళ ప్లాన్లు గీసే ఆయన మేస్త్రీ చేతిలో పెన్సిలు చూశాడు. అడ్రసు కనుక్కుని మా దుకాణానికొచ్చాడు. తన ఆఫీసులోవాళ్ళకి 20 కావాలన్నాడు. ఒక్కోటీ 300 చొప్పున 6000 రూపాయలు. సరిగ్గా అప్పుడే మా అమ్మాయి హాస్టలు ఫీజు కట్టాలి. అదీ 6000! దేవుడే పంపాడని అత్తమ్మ దీపం పెట్టింది. మా వారు రాడ్డు కొనడానికి బయల్దేరుతున్నారు.

ఆ ముందు వారమే నేను బీదర్‌లో చుట్టాల పెళ్ళికి వెళ్ళొచ్చాను. వికారాబాద్ నుంచి బీదర్‌కి రైలుంది. అక్కడ బిద్రీ పని చూశాను. జింకులో కొంచెం రాగి కలిపి పోతపోసి, దానిమీద సన్నగా గాడులు చెక్కి, ఆ గాడుల్లో వెండి తీగ కూరుస్తారు. చివర బీదర్ కోట మట్టి, నవసాగరం కలిపిన వేడినీళ్ళలో పెడితే ఒళ్ళంతా నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగా మెరుస్తుంది. అరచేతిలో ఇమిడే కుంకుమభరిణె ధర చెబితే నాకు గుండె గుభేలుమంది. "ఇంత చిన్నదానికా?" అన్నాను. పనాయన విసుక్కోలేదు. వెండి ఇంత, జింకు ఇంత, చెక్కడానికి ఇన్ని రోజులు, రోజుకి ఇంత అని వేళ్ళ మీద లెక్క చెప్పాడు. ఎక్కడ తగ్గించమంటావో నువ్వే చెప్పమన్నట్టు చూశాడు. నేను మారు మాట్లాడకుండా డబ్బిచ్చి తెచ్చుకున్నాను.

ఆ లెక్కే నా మనసులో తిరుగుతోంది. రాత్రి అన్నాలయ్యాక సరుకుల పుస్తకం తీసి, వెనక పేజీలో మా పెన్సిలు లెక్క రాయడం మొదలుపెట్టాను. మా వారిని ఒక్కొక్కటే అడిగాను. రాడ్డు 65 రూపాయలు. స్ప్రింగు, క్లిప్పు, లెడ్డు కలిపి 45. ఎమరీ కాగితాలు, పాలిష్, కరెంటు 30. మొత్తం సామానే 140. 300లోంచి 140 పోతే మిగిలేది 160. ఆయన మిషను మీద నిలబడేది మూడు గంటలు. అంటే గంటకి 53 రూపాయలు! అదే బండల ఫ్యాక్టరీవాళ్ళ ఇరుసు చేస్తే దుకాణంలో గంటకి 200 తీసుకుంటారు.

"20 పెన్సిళ్ళంటే 60 గంటలు. అన్ని గంటలు గంటకి 53 చొప్పున నిలబడతరా?" అన్నాను. ఆయన పుస్తకం తన వైపు తిప్పుకుని చాలాసేపు చూశారు. తరవాత తనే 3 గంటలు, 200 చొప్పున 600 అని రాశారు. పది పెన్సిళ్ళలో ఒకటి చీల్చేటప్పుడు విరుగుతుంది కాబట్టి, ఆ నష్టం కింద 60 వేశారు. 800 అయింది. పుస్తకం మూయబోయారు.

"ఇంకా ఉంది" అన్నాను. "మెరుగు పెట్టేది గంటన్నర."

"అది నువ్వు చేస్తవు గదా" అన్నారు.

అక్కడే ఆగింది మా లెక్క! ఆయన మాటలో కోపం లేదు, వెటకారం లేదు. పగలు నీళ్ళు ఎటు పారతాయో చెప్పినంత మామూలుగా అన్నారు. "నీ దుకాణంల పిలగాడు చేస్తే ఏమిస్తరు?" అని అడిగాను. "గంటకు వంద" అన్నారు. "మరి నేను చేస్తే సున్నా ఎట్లయితది?"

మంచం మీదనుంచి అత్తమ్మ అందుకుంది. "ఇంట్ల కూసోని తోమేటిదానికి కూడ కూలేందే? రోజు గిన్నెలు తోముతలేమా? దానికెవడన్న పైసలిస్తుండా?" అంది.

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. గిన్నెలకి ఎవరూ ఇవ్వరు, నిజమే. కానీ పెన్సిలు మా గిన్నె కాదు కదా! డబ్బిచ్చి కొనుక్కుపోయేవాళ్ళ వస్తువు. దాని మెరుపు చూసి ముచ్చటపడి కొంటారు. ఆ మెరుపు పెట్టిన గంటన్నర దాని ధరలో ఎందుకుండకూడదు? అదే అన్నాను. "నాకియ్యమంటలేను. లెక్కల రాయమంటున్న" అన్నాను. పెన్సిలు నేనే తీసుకుని "మెరుగు - గంటన్నర - 150" అని రాశాను. మొత్తం 950 అయింది.

మర్నాడు ఆ ధరే ఫోనులో చెప్పారు మా వారు. అవతలివైపు కాసేపు మాట లేదట. "ఆలోచించి చెప్తాను" అని పెట్టేశాడు. ఒక వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. ఫీజు గడువు దగ్గరకొచ్చింది. అత్తమ్మ నాతో ఏమీ అనలేదు గానీ, వచ్చిన ప్రతివాళ్ళతోనూ "ఆరువేలు గుమ్మందాకొచ్చి మర్రిపోయినయి" అనేది. మా వారు రాత్రిళ్ళు అటు తిరిగి పడుకునేవారు. నేను వికారాబాద్ వెళ్ళి మా అన్నయ్య దగ్గర 6000 చేబదులు తెచ్చి ఫీజు కట్టించాను. పుట్టింటినుంచి డబ్బు తేవడం ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు. రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఆ 150 కొట్టేద్దామా అని ఎన్నిసార్లనుకున్నానో! కానీ పుస్తకంలో లెక్క ప్రతిసారీ అంతే వస్తుంది కదా.

మూడోవారం ఫోనొచ్చింది. "20 వద్దు, 8 చెయ్యండి" అన్నాడాయన. లెక్క కాగితం పంపగలరా అని కూడా అడిగాడు. మా అమ్మాయి చక్కగా రాసి ఫోనులో పంపింది. ఆయన ఒక్క పైసా తగ్గించమనలేదు.

8 పెన్సిళ్ళు, 7600 రూపాయలు. సామాను ఖర్చు 1120 తీసేశాం. విరిగేవాటి నష్టం కింద 480 తీసేశాం. మిగిలింది 6000. మా వారి 24 గంటలకి 4800. నా 12 గంటలకి 1200. రెండూ కలిపితే అన్నయ్యకి తీర్చాల్సిన అప్పు సరిగ్గా తీరింది. నా గంటలు రాయకపోయి ఉంటే 1200 తక్కువపడేది. ఆ సంగతి నేను ఎత్తలేదు. మా వారే లెక్క చూసుకుంటూ అత్తమ్మ వినేలా చదివారు.

అన్ని బేరాలూ ఇలాగే కుదురుతాయని చెప్పను. 950 అనగానే నవ్వేసి వెళ్ళిపోయినవాళ్ళే ఎక్కువ. నెలకి రెండో మూడో అమ్ముడుపోతాయి. ఇరుసుల పనే ఇప్పటికీ మా అన్నం. మేస్త్రీలకి మాత్రం మెరుగు లేకుండా, మిషను దిగినదాన్ని దిగినట్టే తక్కువకి ఇస్తాం. బురదలో తిరిగేదానికి మెరుపెందుకు? లెక్క తెలిస్తే ఎక్కడ తగ్గించాలో కూడా తెలుస్తుంది.

మొన్న సంక్రాంతికి ఒక విచిత్రం జరిగింది. మా అత్తమ్మ చేతి సకినాలంటే వాడకట్టంతా పడిచస్తారు. ఏటా నాలుగైదిళ్ళవాళ్ళు బియ్యం, నువ్వులు, నూనె తెచ్చిచ్చి చేయించుకుంటారు. రెండు రోజులు చాప మీద కూర్చుని చుడుతుంది పాపం. పోయేటప్పుడు ఒక జాకెట్టు గుడ్డ చేతిలో పెడతారు. ఈసారి పండక్కి వారం ముందు నా దగ్గరికొచ్చి, మెల్లగా "ఇగో, కిలో సకినాలు చుట్టుటానికి నాకు ఎంతసేపయితదో జర గడియారం జూడు" అంది. నేను మాట్లాడకుండా పుస్తకంలో కొత్త పేజీ తీశాను.

ఈ పత్రిక చదివే మీలో ఎంతమంది పచ్చళ్ళు పెట్టి ఇవ్వడం లేదూ? చీరలకి ఫాల్స్ కుట్టడం, మగ్గం పని, వడియాలు, పొడులు... అడిగినవాళ్ళకి మొహమాటపడి "మీకు తోచింది ఇవ్వండి" అంటాం. ఈసారి ఒక్కసారి కాగితం మీద రాసి చూడండి. కొన్న సామాను ఒక గడి. గ్యాసు, కరెంటు ఒక గడి. పాడైపోయేది ఒక గడి. ఇతరుల కూలి ఒక గడి. ఆఖరున మీ గంటలు ఒక గడి. పనిమనిషినో, దర్జీనో పెట్టుకుంటే ఎంతిస్తారో అంతే వేసుకోండి, ఎక్కువ వద్దు. ఆ తరవాత అక్కచెల్లెళ్ళకి ఊరికే ఇచ్చుకోండి, తగ్గించి ఇచ్చుకోండి, మీ ఇష్టం. కానీ ఎంత తగ్గించారో మీకు తెలిసి ఇవ్వండి.

చివరగా, మీ ఇంట్లో ఇత్తడి పెన్సిలో, పెన్నో ఉంటే ఇలా చూసుకోండి. చేతి చెమటకి నల్లబడితే చింతపండు పులుసులో చిటికెడు ఉప్పు వేసి తుడిచి, వెంటనే మంచినీళ్ళతో కడిగి పొడిగుడ్డతో ఒత్తండి. ముందే స్ప్రింగు, లెడ్డు తీసెయ్యడం మరిచిపోకండి. ఇంటి లెక్కలకి హెచ్.బి. లెడ్డు సరిపోతుంది. మొన మొద్దుబారితే చెక్కనక్కర్లేదు, పాత ఎమరీ కాగితం ముక్క మీద తిప్పుతూ రెండుసార్లు రుద్దితే చాలు. లెడ్డు పట్టు సడలితే ముక్కు విప్పి, మూడు వేళ్ళ మధ్య ఇరుక్కున్న పొడిని పాత టూత్‌బ్రష్షుతో దులపండి. మళ్ళీ బిగుస్తుంది. ఇక ఆ పెన్సిలుతో మొదట రాయాల్సిన లెక్క ఏమిటో మీకు తెలుసు.